పదిహేను మీద ముల్లు

పదకొండూ ఇరవై రెండు. ముల్లు పదిహేను మీద నిలబడి ఉంది. పన్నెండింటి దాకా అక్కడే నిలబడాలి. నిలబడితే నేను ఈ ఫ్యాక్టరీకి చీఫ్ ఇంజనీరుని, లేకపోతే ఇప్పుడున్న నేనే, స్టూలు మీద కూర్చుని గేజీ వంక గుడ్లప్పగించి చూస్తున్న ఈ నేనే. ఇంతా చేస్తే ఇందులో పెద్ద శాస్త్రమేం లేదు. బాయిలరు నిండా నీళ్ళు నింపి, కన్నాలన్నీ బిగించి, చేతిపంపు కొట్టి, రోజూ పది దగ్గర పనిచేసే దాన్ని పదిహేను దాకా తీసుకెళ్ళి ఒక గంట వదిలేస్తాం. ఎక్కడైనా పగులుంటే నీరు కారుతుంది, నీరు కారితే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ముల్లు దిగుతుంది. నిన్న ఫోన్లో చెప్తే మా అమ్మకి ఠక్కున అర్థమైంది, కొత్త బిందె కొన్నాక నీళ్ళు పోసి గట్టు మీద పెట్టి చూస్తాం, అదేగా, అంది. అదేనమ్మా, అదే, కాకపోతే ఈ బిందె లారీ అంత ఉంటుంది, పోయిన వారం పరీక్ష పెడితే మూడో వరస ట్యూబుల దగ్గర కారింది, ఆ ట్యూబులన్నీ తిరిగి వెల్డింగ్ చేయించింది నేను, ఎలా చెయ్యాలో కాగితం మీద రాసిచ్చింది నేను, కింద సంతకం నాది. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారట. దిద్దింది దిద్దినట్టు ఉందో లేదో ఇంకో ముప్పై ఎనిమిది నిమిషాల్లో తేలిపోతుంది. బాయిలర్ల ఇన్‌స్పెక్టరు గారు జీఎం గదిలో ఏసీ కింద టీ తాగుతున్నారు, పన్నెండింటికి వచ్చి ముల్లు చూసి సంతకం పెడతారు, సోమవారం బాయిలరు వెలిగిస్తాం. గోడకి అవతల రంగుల సెక్షన్లో నలభై మంది ఈ బాయిలరు ఆవిరి మీదే పనిచేస్తారు. గోడ ఇవతల ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, అందుకేగా నేనున్నది.

దాహంగా ఉంది. నా ముందు పద్దెనిమిది వేల లీటర్లు తాగి కూర్చుంది ఇది, నేనేమో పొద్దున్నించి అర గ్లాసు. అలవాటు. ఈ షెడ్డు కట్టినవాళ్ళు ఆడమనిషి ఇక్కడ గంటకి మించి నిలబడుతుందని కలలో కూడా అనుకోలేదు, నా బాత్‌రూము ఆఫీసు బిల్డింగులో ఉంది, పోను ఏడు నిమిషాలు, రాను ఏడు నిమిషాలు, అందుకని నీళ్ళు తాగడమే తగ్గించేశాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్ని లీటర్లు తాగకుండా మిగిల్చానో ఎవరైనా కొలిస్తే ఇంకో బాయిలరు నిండుతుంది. అవతల చేతిపంపు దగ్గర తిరగేసిన డబ్బా మీద బాబాయ్ కూర్చుని ఉన్నాడు. బాబాయ్ అంటే మా ఫోర్‌మన్. నాకు చుట్టమేం కాదు, ఫ్యాక్టరీ మొత్తానికీ బాబాయే, జీఎం కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలుస్తారు. వచ్చే నెల రిటైరవుతున్నాడు. మామూలుగా ఇలాంటి టెస్టప్పుడు నోరు మూతపడదు, ఎప్పుడో ఏ ఫ్యాక్టరీలోనో ఏ మూత ఎగిరి ఎక్కడ పడిందో చెప్తూనే ఉంటాడు, ఈరోజు మాత్రం నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఉన్నాడు. ఎండ అనుకుంటా.

రెండు నెలల క్రితం హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, మనకున్న ఎనిమిది ఫ్యాక్టరీల్లో ఒక్క ఆడ చీఫ్ ఇంజనీరు కూడా లేదు, ఈసారి ఖాళీ వస్తే అర్హులైన స్త్రీలని కూడా పరిశీలించండి అని. కూడా. ఆ ఒక్క ముక్క ఈ ఫ్యాక్టరీలో చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. మా బ్యాచ్‌మేటు, నాతో పాటు ఒకే రోజు చేరినవాడు, ఇద్దరం ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్ళం, క్యాంటీన్లో నాకు వినపడేట్టే అన్నాడు, "ఇప్పుడు లేడీస్‌కి మంచి గిరాకీ బాస్, మనం కూడా వచ్చే జన్మలో చూసుకోవాలి" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో ఇప్పటికీ అర్థం కాదు, నవ్వకపోతే దీనికి హాస్యం అర్థం కాదంటారని కాబోలు. ఈ రోజు పొద్దున తల దువ్వుకుంటూ మా అమ్మాయి కూడా అదే పాట, పదిహేడేళ్ళది, వచ్చే ఏడు ఏ కాలేజీలో చేరాలో ఏ బ్రాంచి తీసుకోవాలో ఇంట్లో రోజూ పంచాయితీ. "అమ్మా, నీకు ఆడదానివని ఇస్తే తీసుకోకు, నాకు సిగ్గుగా ఉంటుంది" అంది. సిగ్గు! దువ్వెన లాక్కుని నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. ఒసేయ్, మీ నాన్న మందుల షాపు మీ తాత పెట్టి ఇచ్చిందే, ఆయనకెప్పుడైనా సిగ్గేసిందా? బ్యాచ్‌మేటుని ఈ ఉద్యోగంలో పెట్టించింది వాళ్ళ మేనమామ, సాయంత్రాలు జీఎంతో షటిల్ ఆడేది వాడే, ఆ ఆటలోకి ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా నన్ను రమ్మన్న పాపాన పోలేదు, వాటన్నిటికీ పేరు లేదు, నా దాకా వచ్చేసరికి మాత్రం గిరాకీ అని, కోటా అని, అబ్బో, ఎన్ని పేర్లో.

సీటు కూడా అంతే. ఇంజనీరింగులో నాకొచ్చింది ఆడపిల్లల కోటాలో. దాచను. క్లాసులో యాభై ఎనిమిది మంది, ముగ్గురం ఆడపిల్లలం, మొదటి రోజే ఒకడు వచ్చి నీ సీటు మా తమ్ముడికి రావాల్సింది అన్నాడు. ఆ ఏడంతా ఆ తమ్ముడెవరో తెలియకపోయినా వాడి సీట్లో కూర్చున్నట్టే, వాడి ఒళ్ళో కూర్చున్నట్టే, ముడుచుకుని కూర్చున్నాను. రెండో ఏడు అనిపించింది, మిగతా యాభై అయిదు సీట్లు ఎవరి అక్కలవో, ఎవరి చెల్లెళ్ళవో, చదువుకుంటే వాళ్ళు వచ్చి కూర్చోవలసినవి, మరి వీళ్ళెవరూ ముడుచుకోరేం? అప్పటి నుంచి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. తీసుకున్నాను. అయితే ఏంటంట?

పదకొండూ ఇరవై తొమ్మిది, పదిహేను, బాగుంది. మన భాష కూడా తక్కువదేం కాదు. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, లారీ వచ్చింది. మగవాడికి విడిగా ఒకటి, నాకూ లారీకీ కలిపి ఒకటి. చేరిన కొత్తలో గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపలికి ఫోన్ చేసి "వచ్చిందండీ" అన్నాడు, అప్పటి జీఎం "ఏదీ, క్రేనా?" అన్నారు, "కాదండీ, ఇంజనీరు" అన్నాడు, "సర్లే, క్రేనెప్పుడొస్తుందో కనుక్కో" అన్నారు. ఇది నేను కల్పించింది కాదు, గేటు బయట నిలబడి ఈ చెవులతో విన్నాను. ఇప్పుడు అదే సెక్యూరిటీ అతను మేడం వచ్చారు అంటాడు, బహువచనం. అంటే వ్యాకరణంలో నేనొక మనిషిని అనిపించుకోవాలంటే కనీసం ఇద్దరిని కావాలన్నమాట. పని లెక్క చూస్తే అది కూడా అబద్ధమేం కాదు. ఈ జీఎం మంచాయన, మంచితనంతోనే చంపుతాడు, బ్యాచ్‌మేటుని "ఏమయ్యా" అంటాడు, నన్ను "ఏమ్మా" అంటాడు, ఏమయ్యాకి పని చెప్తాడు, ఏమ్మాకి జాగ్రత్త చెప్తాడు. ఇందాక పదకొండూ పదికి, టెస్టు మొదలైన పది నిమిషాలకే, అర్జంటని పిలిపించాడు. ఏమిటా అని పరుగెత్తుకెళితే కంపెనీ పత్రికలో వెయ్యడానికి నా ఫోటో కావాలట. "నవ్వుతూ ఉన్నది ఇవ్వమ్మా, హెల్మెట్ పెట్టుకుని ఉంటే ఇంకా బాగుంటుంది" అన్నాడు. ముల్లు దగ్గర బాబాయిని కూర్చోబెట్టి వెళ్ళాను కదా, పరుగున పోయి పరుగున పది నిమిషాల్లో వచ్చేశాను. వెళ్ళేటప్పుడు ముల్లు పదిహేనుకి వెంట్రుకవాసి కింద ఉన్నట్టనిపించింది, వచ్చి చూస్తే సరిగ్గా పదిహేను మీద ఉంది. నిలబడి చూస్తే ఒకలా, కూర్చుని చూస్తే ఒకలా కనపడుతుందిలే అనుకున్నాను.

పదకొండూ ముప్పై ఆరు. ఎండ పైకప్పులోని అద్దం రేకులోంచి దిగి బాయిలరు వీపు మీద పడింది. ఈ వేళకి రోజూ పడేదే. పడితే ఇనుము వేడెక్కుతుంది, లోపల నీళ్ళు ఉబ్బుతాయి, ముల్లు కొంచెం, గోరంత, పైకి జరగాలి. జరగలేదు. పక్క గదిలో కంప్రెసరు ఆన్ అయింది, నేల అదిరింది, నా స్టూలు అదిరింది, ఎప్పుడైనా ఆ అదురుకి ముల్లు సన్నగా వణుకుతుంది, ఇప్పుడు వణకలేదు. గేజీ అద్దం మీద గీసిన బొమ్మలో ముల్లులాగా ఉంది. ఇరవై ఏళ్ళుగా ముల్లు దిగితే భయపడటం నేర్చుకున్నాను, దిగని ముల్లుని చూసి భయపడటం ఇదే మొదటిసారి. గేజీ కింద పైపుకి చిన్న కుళాయి ఉంటుంది, గేజీ మార్చాల్సి వస్తే నీళ్ళు చిమ్మకుండా కట్టేయడానికి. దాని పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టేసినట్టు. కట్టేస్తే గేజీలో ఉన్న ఒత్తిడి గేజీలోనే ఉండిపోతుంది, బాయిలరు పగిలి ఏరై పారినా ముల్లు పదిహేను మీదే నిలబడి ఉంటుంది. ఆ కుళాయి పిడి నాకు కనపడటం లేదు. దాని మీద ఎర్ర గుడ్డ ఒకటి వేలాడుతోంది. నూనె మరకల ఎర్ర గుడ్డ, ఈ ఫ్యాక్టరీలో ఒకే భుజం మీద ఉంటుంది అది. బాబాయ్ భుజం వైపు చూశాను, ఖాళీ. బాబాయ్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

అయ్యో బాబాయ్. కోపం రాలేదు ముందు, ఏడుపొచ్చింది, అది నన్నింకా మండించింది. ఎందుకు చేశాడో అడగక్కర్లేదు. నన్ను మొదటిసారి బాయిలరు లోపలికి పంపింది ఈయనే. మ్యాన్‌హోల్ అంటే పదహారంగుళాల కన్నం, పొట్టలున్న మగవాళ్ళెవరికీ అందులో దూరడం ఇష్టం లేదు, పిల్ల సన్నగా ఉంది, దూరుతుంది, అన్నారు. మ్యాన్‌హోల్ అంటే మగాడు దూరే కన్నం కదా, నేనెలా దూరతాను అని బ్యాచ్‌మేటు మీద ఎగిరితే, "కాదు తల్లీ, మనిషి దూరే కన్నం, నువ్వు మనిషివి కావేంటి, దూరు" అన్నాడు బాబాయ్. దూరాను. అదీ అడ్వాంటేజే, రాసుకోండి, సన్నగా ఉండటం, ఆడపిల్లవడం. ఆ కన్నంలోంచి లోపలికెళ్ళి టార్చిలైటుతో ట్యూబు ట్యూబునీ వేలితో తడిమి నేర్చుకున్నది వాళ్ళు బయట నిలబడి పుస్తకంలో నేర్చుకోలేదు. అమ్మాయి పుట్టాక ఆరో నెలలో తిరిగొచ్చి అదే ధీమాతో దూరితే నడుం దగ్గర ఇరుక్కుపోయాను, తల లోపల, కాళ్ళు బయట, షిఫ్టంతా పోగైంది, బాబాయ్ అందర్నీ తరిమేసి సబ్బునీళ్ళు తెచ్చి పోశాడు, జారి లోపల పడ్డాను, పడ్డదాన్ని ఊరుకోకుండా నా మోచేతి పక్కనున్న ట్యూబులో ఒక పగులు కనిపెట్టి పైకొచ్చాను. ఇరుక్కున్న కథ పదహారేళ్ళుగా చెప్పుకుంటున్నారు, పగులు కథ ఎవరికీ గుర్తులేదు.

పదకొండూ నలభై ఒకటి. ఏం చెయ్యక్కర్లేదు, కూర్చుంటే చాలు. పంతొమ్మిది నిమిషాలు ఇలాగే కూర్చుంటే ఇన్‌స్పెక్టరు గారు వస్తారు, చూస్తారు, సంతకం పెడతారు. ఆ తర్వాత ఆదివారం రాత్రికి రాత్రి ఏదో మిష చెప్పి ట్యూబులు మళ్ళీ చూసుకోవచ్చు కదా. చూసుకోవచ్చు కదా అని నా లోపల ఒకటి అంటోంది, అంత మెత్తగా, అంత తియ్యగా, ఎవరి గొంతది? నవ్వుతూ ఉన్న ఫోటో ఇచ్చినదాని గొంతు. గోడ అవతల, మోచెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో నలభై మంది ఉన్నారు, ఆదివారం కుదరకపోతే, సోమవారం పొద్దున ఎవరో అగ్గి వేసేస్తే? ఛీ. కానీ ఇంకో మాట కూడా ఉంది, దాన్నీ అనేస్తాను. ఇది ఫెయిలైతే ఏమవుతుంది? బ్యాచ్‌మేటు కంప్రెసరు పునాది రెండుసార్లు పగిలింది, మూడోసారి పోసుకున్నాడు, అప్పుడు జీఎం వాడి భుజం తట్టి "అనుభవం వచ్చింది లేవయ్యా" అన్నాడు. వాడు తప్పు చేస్తే దాని పేరు అనుభవం, నేను చేస్తే దాని పేరు ఆడతనం. వాడు పడితే వాడొక్కడే పడతాడు, నేను పడితే పుట్టినవాళ్ళూ పుట్టబోయేవాళ్ళూ మొత్తం ఆడజాతిని వెంటేసుకుని పడాలి, మా అమ్మాయితో సహా. అడిగేవాళ్ళు అడుగుతుంటారు, సభల్లో, పత్రికల్లో, ఇంజనీరింగులో ఆడవాళ్ళకి లాభమా మగవాళ్ళకి లాభమా అని, అందరూ చప్పట్లు కొట్టే జవాబొకటి ఉంటుంది, యంత్రానికి ఆడా మగా తెలియదండీ అని. యంత్రానికి తెలియదు సరే, యంత్రం ఎవరికీ ప్రమోషన్ ఇవ్వదుగా. నన్నడిగితే చెప్తాను, మగవాళ్ళకున్న లాభం జీతం కాదు, కుర్చీ కాదు, షటిల్ కూడా కాదు. తప్పు చేసి దాన్ని తన ఒక్కడి తప్పుగా ఉంచుకునే వీలు. అది నాకెందుకు లేదు?

మా అమ్మకి కుట్టుమిషను ఉండేది. పాడైతే తనే విప్పి, పళ్ళతో దారం పట్టుకుని, నూనె వేసి, బాగుచేసేది, వీధిలో వాళ్ళకి మాత్రం ఆయన చేశారండీ అని చెప్పేది, నాన్నకి ఆ మిషనుకి దారం ఎక్కించడం కూడా రాదు. మళ్ళీ సూది విరిగితే నావల్లేనండీ, నా చెయ్యి మంచిది కాదు, అనేది. బాగైంది ఆయనది, పాడైంది నాది. లేదమ్మా, నాకలా కుదరదు. నాకు రెండూ కావాలి. హెడ్డాఫీసు ఉత్తరం ఇచ్చే కుర్చీ ఇస్తే వద్దనను, సిగ్గుపడను, కాళ్ళు చాపుకుని కూర్చుంటాను, కానీ కట్టేసిన కుళాయి మీద కూర్చోను. బాగుచేస్తే నేనే, చెడగొడితే నేనే, మధ్యలో ఇంకెవరూ లేరు.

లేచాను. పదకొండూ నలభై ఆరు. ఎర్ర గుడ్డ తీసి మడిచి బాబాయ్ ఒళ్ళో పెట్టాను. పిడి అడ్డంగానే ఉంది.

"అమ్మా, వద్దు" అన్నాడు, లేవలేదు, డబ్బా మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ఫోటోకి వెళ్ళినప్పుడు దిగిపోయింది. పంపు నాలుగు పోట్లు కొట్టి కుళాయి కట్టేశాను. పదిహేను నిమిషాలు ఓర్చుకో తల్లీ, ఆదివారం మనిద్దరం వచ్చి చేసేసుకుందాం. ఎవడికీ తెలీదు."

"మా బ్యాచ్‌మేటుకైతే ఇలా కట్టేసేవాడివా బాబాయ్? పునాది ఆయనకి రెండుసార్లు పగిలింది, ఒక్కసారైనా మట్టి కప్పావా?"

"ఆయనకేంటమ్మా" అన్నాడు బాబాయ్, విసుగ్గా, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "ఆయనకి పోతే మళ్ళీ చేసుకుంటాడు. నీకు మళ్ళీ ఇవ్వరు."

బాబాయ్‌కి కూడా తెలుసు. నేనిందాక స్టూలు మీద కూర్చుని ఏదో కొత్తగా కనిపెట్టినట్టు మురిసిపోయిన మాట, అరవై ఏళ్ళ ఫోర్‌మన్‌కి ఎప్పుడో తెలుసు, తెలుసు కనకే గుడ్డ కప్పాడు. "ఇవ్వకపోతే లాక్కుంటాను" అన్నాను. పిడి తిప్పాను. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి జారింది, పద్నాలుగు, పదమూడు, పన్నెండు, పదకొండు దగ్గర ఊగి ఆగింది.

పన్నెండింటికి ముగ్గురూ వచ్చారు, ఇన్‌స్పెక్టరు గారు, జీఎం, వెనక పిలవని బ్యాచ్‌మేటు. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళద్దాలు పైకి తోసి ముల్లు చూశారు, నన్ను చూశారు. "ఫెయిల్ అని రాయండి సార్" అన్నాను. "ట్యూబుల దగ్గర కారుతోంది. కుళాయిలూ పంపూ అన్నీ చూశాను, వాటిలో ఏ లోపం లేదు." బాబాయ్ తల ఎత్తలేదు. కుళాయి సంగతి ఆయనకీ నాకూ మధ్య.

జీఎం మొహం వాడిపోయింది, పాపం ఫోటో కూడా పంపేసి ఉంటాడు. "ఏమ్మా ఇది... సరే, కంగారుపడకు, ఈ వేడిలో నువ్వు మాత్రం ఏం చేస్తావు. మిగతాది మీ బ్యాచ్‌మేటు చూస్తాడులే, నువ్వు కొంచెం రెస్టు తీసుకో" అన్నాడు. బ్యాచ్‌మేటు జాలిగా తల ఊపుతూ, "నేను చూస్తాన్లే. అయినా లేడీస్‌కి ఇంత హెవీ జాబ్ ఇవ్వకూడదండీ" అన్నాడు.

"లేడీస్ ఎవరూ చెయ్యలేదు ఈ పని" అన్నాను. నా గొంతు షెడ్డు పైకప్పుకి తగిలి వెనక్కొచ్చింది. "నేను చేశాను. తప్పు నాది, నా ఒక్కదానిది, ఎవరికీ పంచిపెట్టను. నీ పునాది నువ్వు మూడుసార్లు పోసుకున్నావు, నేను ఒక్కసారి కూడా పక్కకి తప్పుకోమనలేదు. నాకిది రెండోది. శుక్రవారం మూడోసారి పరీక్ష, నేనే పెడతాను. సార్, తేదీ రాసుకోండి."

జీఎం ఏదో అనబోయి ఇన్‌స్పెక్టరు గారి వంక చూశాడు. ఆయన అప్పటికే రాసేస్తున్నారు, శుక్రవారం, పదకొండు గంటలు, అని పలుకుతూ. చీఫ్ కుర్చీ గురించి ఎవరూ ఎత్తలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను. ముగ్గురూ వెళ్ళిపోయారు.

షెడ్డులో బాబాయ్, నేను, బాయిలరు. బాబాయ్ ఎర్ర గుడ్డతో మొహం తుడుచుకుని, నన్ను చూసి, తల తిప్పుకుని, అటువైపు గోడతో మాట్లాడుతున్నట్టు గొణిగాడు. "పక్కపక్క ట్యూబులు వరసగా వెల్డింగ్ చెయ్యమని నువ్వు కాగితం ఇచ్చినప్పుడే అనుకున్నాను. వరసగా వేస్తే వేడికి ప్లేటంతా ఒకవైపుకి గుంజేస్తుంది. ఒకటి ఇటు వేస్తే ఒకటి అటు వెయ్యాలి."

"అప్పుడే అనుకున్నావా? మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఆడపిల్లవి, ఉత్తరం వచ్చిన దగ్గర్నించి అందరూ నీ మీద పడి ఏడుస్తున్నారు, నేను కూడా తప్పుపడితే బాధపడతావని..."

"ఆయనైతే?"

"ఆయనైతే కాగితం మొహాన కొట్టేవాణ్ణి."

ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళలో బాబాయ్ నోటి తిట్లు తినని ఇంజనీరు ఈ ఫ్యాక్టరీలో లేడు, బ్యాచ్‌మేటు పని నేర్చుకున్నదంతా ఆ తిట్లలోనే నేర్చుకున్నాడు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు, ఎంత ప్రేమో అని మురిసిపోతూ వచ్చాను. ఇన్నేళ్ళూ నాకు ఎగ్గొట్టింది ఇదన్నమాట. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. జేబులోంచి ఆ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"కొట్టు" అన్నాను.

నన్ను తేరిపార చూశాడు. కాగితం చూశాడు. కళ్ళు చికిలించి అందులో రెండో లైను మీద వేలు పెట్టాడు. "నీ బుర్రలో ఏముందే, ఊకా?" అన్నాడు, మెల్లగా మొదలుపెట్టి, అదే ఊపులో లేచి నిలబడి, "పద్దెనిమిది ట్యూబులు ఒక్క రోజులో వేసేయమని ఏ దున్నపోతు రాస్తుందే ఇలా? చల్లారనివ్వక్కర్లేదా? లెక్కలు చదివిన మొహమేనా ఇది? వెల్డింగ్ రాడ్డు వేడి చేశాకే వాడమని ఎక్కడైనా రాశావా, చూపించు, ఏదీ, ఎక్కడ రాశావు?" అని అరిచాడు. గోడ అవతల రంగుల సెక్షన్లో ఎవరో తలుపు తెరిచి తొంగి చూశారు. నేను పెన్ను మూత తీసి, కాగితం వెనక్కి తిప్పి, ఒక్కో తిట్టూ నంబరు వేసి రాసుకోవడం మొదలుపెట్టాను.